ఆటకు వేసిన బీగము

కర్నూలు, నంద్యాల, గుత్తి దిక్కులనుండి వచ్చు రైలుమార్గములు డోన్ జంక్షనులో కలియును. ఆ స్టేషనునకు కొంతదూరమున, ఒక వీధి అరుగుమీద, నాపరాతి బండపై సుద్దతో గీసిన బారాకట్ట గళ్ళను మేము ఇటీవల చూచితిమి. ఇద్దరు ముసలివారు చింతపిక్కలు వేయుచు ఆడుచుండిరి. ఎదుటివాని కాయను చంపినవానికి మరల ఒక పందెము కలదా లేదా అని వారిలో వాదము వచ్చినది. ఒకరు తమ పుట్టినూరి పద్ధతి చెప్పిరి, రెండవవారు డోన్ పద్ధతి చెప్పిరి. చివరకు, ఆనాటి ఆటకు డోన్ పద్ధతియే చెల్లునని ఒప్పుకొని ఆట సాగించిరి.

బారాకట్టను మొదట కల్పించినవా రెవరో మనకు తెలియదు. ఊరూరను దాని నియమములు మారినవి. ఆ మార్పులకు ఎవరును ఎవరి అనుమతియు కోరలేదు. పులిజూదమున కైనను ఇదే కథ. ఆట ఆడువారిదే, ఆటను మార్చుకొను స్వాతంత్ర్యమును వారిదే. ఇది మన పల్లెలలో ఎవరును ప్రత్యేకముగా చెప్పనక్కరలేని ధర్మము.

ఆ అరుగున కెదురింట డిగ్రీ చదువుచున్న ఒక యువకు డున్నాడు. అతడు రెండేండ్లు కూడబెట్టిన డబ్బుతో ఒక కంప్యూటరు ఆటను కొనెను. రాత్రులు మేలుకొని, ఆ ఆటలోనికి డోన్ స్టేషనును, ప్లాట్‌ఫారములను, చుట్టునున్న ఎర్రనేలను, రాతికొండలను తన చేతితో చిత్రించి చేర్చెను. స్నేహితులు చూచి సంతోషించిరి. కాని ఒకనాడు ఆట తెరచుకొనలేదు. విక్రయించిన సంస్థ, ఆ ఆటకు అనుమతి నిచ్చు తన కేంద్రయంత్రమును నిలిపివేసినదట. డబ్బు పోయినది, ఆట పోయినది, అతడు కట్టిన స్టేషనును కంటికి కనబడకుండ పోయినది. బీగము విరిచిన దొంగప్రతి యొకటి ఉన్నదని మిత్రుడు చెప్పెను. "నాయనా, కొన్నది నాదే గదా, తీసుకుంటే తప్పేమి?" అని అతడు తండ్రి నడిగెను. తండ్రికి ఏమి చెప్పుటకును తోచక, ఆ ప్రశ్నను మా ముందుంచెను. ఆ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు మూలము.

మొదట ఈ మార్పు అన నేమో చెప్పుకొందము. కంప్యూటరు ఆటలో సామాన్యముగా రెండు భాగములుండును. ఒకటి, ఆటను నడపు యంత్రాంగము. రెండవది, ఆ యంత్రాంగము చదువుకొను సామగ్రి, అనగా బొమ్మలు, శబ్దములు, పటములు, నియమములు. మొదటిదానిని నాటక సమాజముతోను, రెండవదానిని నాటకపు ప్రతితోను పోల్చవచ్చును. సమాజము అదే, ప్రతి మారిన నాటకము మారును. ఆ సామగ్రిని మార్చి, లేక క్రొత్త సామగ్రిని చేర్చి, ఆటకు క్రొత్త రూపము నిచ్చుటనే లోకమున 'మాడ్' అనుచున్నారు. అట్టివారు ఒకరికొకరు నేర్పుకొనుచు, తమ కృతులను ఉచితముగా పంచుకొనుచు నడపు బృందములు నేడు ప్రపంచమంతటను కలవు.

ఇది మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి గారి హరిశ్చంద్ర నాటకమును చూచినవారందరికిని కాటిసీను జ్ఞాపకముండును. ఆ సీనులో నటులు పాడు పద్యములలో జనుల హృదయముల నెక్కువగా కదలించినవి గుఱ్ఱం జాషువ గారి శ్మశానవాటి పద్యములు. నాటక మొకరిది, పద్యములు మరియొకరివి. వాని రెంటిని కలిపినవారు రంగస్థల నటులు. ఆ కూర్పు వలన నాటకమునకు క్రొత్త బలము వచ్చినది, పద్యములు అక్షరము రానివారి నోటికిని ఎక్కినవి. ఒకని కృతిలో మరియొకని కృతిని పొదిగి, మూడవవాడు ప్రదర్శించుట యన్నది ఎంతటి మేలు చేయగలదో దీనివలన తెలియును. ఇందులో ఎవరికి ఎంత హక్కు అను చిక్కుప్రశ్న కూడ ఇందులోనే దాగి యున్నది.

కంప్యూటరు ఆటలలో ఈ విద్యకు పెద్ద తలుపు తెరచినది 1993 డిసెంబరులో అమెరికాలో వెలువడిన 'డూమ్' అను ఆట. దాని నిర్మాతలు యంత్రాంగమును, సామగ్రిని బుద్ధిపూర్వకముగా వేరువేరు ఫైళ్ళలో ఉంచిరి. మూలఫైలును చెరుపకుండగనే పరులు తమ పటములను చేర్చుకొనవచ్చును. అయితే వారొక నియమము పెట్టిరి. ఉచితముగా పంచిన నమూనా ప్రతిలో ఈ మార్పులు పనిచేయరాదు, డబ్బు చెల్లించి కొన్న ప్రతిలోనే పనిచేయవలెను. ఈ నియమములోని వివేకమును మనము గమనింపవలెను. మార్పులు ఎంత చక్కగా ఉన్న, అసలు ప్రతిని కొనువారు అంత పెరుగుదురు. మార్చువాడు నిర్మాతకు శత్రువు కాడు, జీతము లేని ప్రచారకుడు.

తరువాతి చరిత్ర దీనిని రుజువు చేసినది. 1998లో వాల్వ్ సంస్థ 'హాఫ్-లైఫ్' అను ఆటను వెలువరించెను. మరుసటి సంవత్సరమే మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇద్దరు యువకులు దానిని మార్చి 'కౌంటర్-స్ట్రైక్' అను క్రొత్త ఆటను చేసిరి. సంస్థ వారిపై వ్యాజ్యము వేయలేదు, వారిని పిలిచి పనిలో చేర్చుకొని, 2000లో ఆ ఆటను తానే విక్రయించెను. నెట్‌సెంటర్ల కాలమున మన పట్టణములలోని కుర్రవాండ్రు గంటకింతయని చెల్లించి ఆడిన ఆటలలో అది ముఖ్యమైనది. అది ఒకప్పుడు ఇద్దరి సరదాపని యని వారిలో ఎందరికి తెలియునో!

ఇక బీగముల సంగతి. సంగీతము, పుస్తకము, చలనచిత్రము, ఆట, ఇవి అంకెల రూపము ధరించిన పిమ్మట, ప్రతి తీయుటకు శ్రమ లేదు, ఖర్చు లేదు, నూరవ ప్రతికిని మొదటి ప్రతికిని భేదము లేదు. దీనికి భయపడి నిర్మాతలు బీగములు కల్పించిరి. తొలిరోజులలో ఆట తెరచినంతనే, "మీ పుస్తకములో ఫలాని పుటలో ఫలాని మాట యేమి?" అని యంత్రము అడిగెడిది. పుస్తకము లేనివాడు ఆడలేడు. తరువాత అసలు సీడీ పెట్టిననే ఆట నడచెడిది. ఇప్పుడు చాల ఆటలు ఇంటర్నెట్ ద్వారా సంస్థ కేంద్రయంత్రమును పలుకరించి, "ఇతడు కొన్నవాడే" అను జవాబు వచ్చిన పిదపనే తెరచుకొనును. 2014 నుండి 'డెనువో' అను మరింత జటిలమైన కవచమును పెద్ద ఆటలకు తొడుగుచున్నారు. వీని నన్నింటిని కలిపి ఆంగ్లమున డీఆర్‌ఎమ్ అందురు, మనము అంకెల బీగము అనుకొనవచ్చును.

ఈ బీగములో ఒక విచిత్రమున్నది. ఇంటి బీగము దొంగను వెలుపల నుంచును, యజమానికి చెవి నిచ్చును. అంకెల బీగమునకు అట్టి భేదము లేదు. కొన్నవాడే అనుమానితుడు. ఆట నడువవలెనన్న చెవి ఏదో యొక రూపమున అతని యంత్రములోనికే రావలెను. వచ్చిన చెవిని ఓపికతో వెదకువాడు ఒకనాటికి కనుగొనును. కావున ఈ బీగములు కొంతకాలము నిలుచును, శాశ్వతముగా నిలుచునవి అరుదు. నిర్మాతలకును ఇది తెలియును. తొలి వారములలో జరుగు అమ్మకము కాపాడబడిన చాలునని వారి లెక్క.

ఆ లెక్క తప్పిన సందర్భములును కలవు. 2008లో వెలువడిన 'స్పోర్' అను ఆటను మూడు కంప్యూటర్లకు మించి స్థాపింపరాదని బీగము వేసిరి. కొన్నవారు కోపించి, అమ్మకపు దుకాణములలో దానికి అతి తక్కువ మార్కులు వేసిరి. బీగము విరిచిన దొంగప్రతులు మాత్రము విరివిగా వ్యాపించెను. డబ్బిచ్చినవానికి ఇబ్బంది, ఇవ్వనివానికి సౌఖ్యము! అంతకుముందు 2005లో సోనీ బీఎంజీ సంస్థ తన సంగీతపు సీడీలలో ఒక రహస్య ప్రోగ్రామును దాచెను. పాట వినుటకు సీడీ పెట్టినవాని కంప్యూటరులో అది చెప్పక చేరి, తన ఉనికిని మరుగుపరచుకొనెడిది. సంగతి బయటపడి, సంస్థ ఆ సీడీలను వెనుకకు తీసికొనవలసి వచ్చెను. కాపలాదారే కన్నము వేసిన చందమున నున్నది ఆ వ్యవహారము.

అయినను, నిర్మాతల భయము వట్టిది కాదు. దీనిని మన తెలుగు చలనచిత్రమే మనకు బోధించినది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రము విడుదల కాకముందే, అందలి సగమునకు పైబడిన భాగము బయటికి పొక్కి, ఊరూర సెల్‌ఫోనులలోనికి ఎక్కినది. కృష్ణా జిల్లా పెడనలో పోలీసులు కొందరిని పట్టుకొనిరి. నిర్మాతలు త్వరపడి సెప్టెంబరు 27న చిత్రమును విడుదల చేసిరి. ప్రేక్షకులు ఆదరించిరి గనుక గండము గడచినది. ప్రతి చిత్రమునకును అట్టి అదృష్టము పట్టదు. ఒక చిత్రమునకు, ఒక ఆటకు వెనుక, పేరు తెరపై చిన్న అక్షరములలో పడు నూర్లకొలది పనివారుందురు. దొంగప్రతి వారి కూలిలో కోత.

కాని ఈ సంఘటనలో మరియొక పాఠమున్నది. నేడు సినిమాహాళ్ళకు చిత్రము అంకెల రూపమున, బీగముతో వచ్చును. ఏ హాలులో, ఏ తేదీనుండి ఏ తేదీవరకు తెరచుకొనవలెనో ఆ చెవిలోనే వ్రాసి యుండును. ఎంత గట్టి బీగ మైనను, విడుదలకు ముందే ఇంటిలోనుండి జారిపోయిన ప్రతిని కాపాడలేదు. నమ్మకము చెడినచోట బీగము పనికిరాదు.

ఇప్పుడు మార్పులకు, బీగములకు, దొంగప్రతులకు నడుమ జరుగు మువ్వురి తగవు అర్థమగును. మార్చువాడు ఆటను విప్పి చూడవలెను. దొంగప్రతి తీయువాడును విప్పవలెను. పనిముట్టు ఒకటే, సంకల్పము వేరు. బీగము సంకల్పమును చూడలేదు, ఇద్దరిని ఒకే గాటను కట్టును.

ఈ విషయమున న్యాయస్థానములు ఏమి చెప్పినవి? అమెరికాలో 'డ్యూక్ నూకెమ్ 3డి' అను ఆట ఒకటి యుండెను. దాని నిర్మాతలే పటములు కల్పించు పరికరమును ఆటతోబాటు ఇచ్చిరి, చేసిన పటములను ఉచితముగా మాత్రమే పంచుకొనవలెనని షరతు పెట్టిరి. ఆటగాండ్రు అట్లే పంచుకొనిరి. మైక్రో స్టార్ అను సంస్థ అట్టి పటములను 300 ప్రోగుచేసి, సీడీగా వేసి అమ్మినది. 1998లో అప్పీలు న్యాయస్థానము దానిని తప్పని తీర్పు చెప్పెను. ఆ పటములు మూలకథకు కొనసాగింపులు, కొనసాగింపును అమ్ముకొను హక్కు మూలకర్తది అని సారాంశము. ఇందులో మనసున నాటు విషయమేమనగా, ఆ పటములు కల్పించిన వందలాది ఆటగాండ్రకు ఆ సీడీవలన ముట్టినది లేదు, ఆ తీర్పువలనను ముట్టినది లేదు.

ఆ కొరత నేటికిని తీరలేదు. 'వార్‌క్రాఫ్ట్ 3' అను ఆటకు అభిమానులు చేసిన మార్పునుండి 'డోటా' పుట్టి, దానినుండి ఒక క్రొత్త ఆటల జాతియే వర్ధిల్లెను. ఆ పేరు ఎవరిదను తగవు రెండు పెద్ద సంస్థల నడుమ వచ్చి 2012లో రాజీతో ముగిసెను. అటుపిమ్మట 2020లో మూలసంస్థ, తన ఆటలో ఎవరేమి కల్పించినను అది తనకే చెందునని షరతులలో వ్రాసికొనెను. మరియొకవైపు, 2015 ఏప్రిలులో 'స్కైరిమ్' ఆట మార్పులను డబ్బుకు అమ్ము ఏర్పాటు చేసిరి. అందులో మార్చినవానికి దక్కునది నూటికి 25 వంతులు. ఆటగాండ్రు ఆగ్రహించిరి, ఒకరి పనిని మరియొకరు తమదిగా అమ్ముదురేమో యను భయమును కలిగెను. నాలుగు దినములలో ఆ ఏర్పాటు రద్దయ్యెను. అనగా, దొంగప్రతి బాధ పెద్ద సంస్థలకే కాదు, ఉచితముగా పనిచేయు సామాన్యునకును తగులును.

ఇక మన దేశపు చట్టము. కాపీరైట్ చట్టము 1957 నాటిది. 1999లో చేసిన సవరణ ప్రకారము, న్యాయముగా సంపాదించిన స్వంత ప్రతినుండి, వ్యాపారమునకు గాక స్వంత ఉపయోగమునకై, కంప్యూటరు ప్రోగ్రామునకు ప్రతులు తీసికొనుటయు, దానిని మార్చుకొనుటయు హక్కుభంగము కాదు. ఇది 52వ సెక్షనులో స్పష్టముగా నున్నది. 2012లో 65ఏ సెక్షను చేరెను. హక్కులను కాపాడుటకు వేసిన సాంకేతిక రక్షణను, ఆ హక్కులను భంగపరచు సంకల్పముతో ఛేదించినవానికి రెండేండ్లవరకు జైలు, జరిమానాయు కలవు. 'సంకల్పముతో' అను మాట ఇచ్చట కీలకము. అమెరికా చట్టము 1998లో బీగము విరుచుటనే ప్రధానముగా నిషేధించి, మూడేండ్ల కొకమారు మినహాయింపుల నిచ్చుచున్నది. మన చట్టము బీగముతోబాటు మనసునుగూడ విచారించుచున్నది. దొంగప్రతి యని తెలిసియు ప్రోగ్రామును కంప్యూటరుపై వాడుట మాత్రము 63బి సెక్షను క్రింద నేరము, ఏడు దినములనుండి మూడేండ్లవరకు శిక్ష కలదు. ఇవిగాక, ఆట స్థాపించునప్పుడు మనము చదువక నొక్కు అంగీకారపత్రములో సంస్థ తన షరతులు తాను పెట్టుకొనును.

మరి, అమ్మినవాడే బీగపుచెవిని పారవేసిన ఏమి గతి? ఇది డోన్ యువకుని బాధ మాత్రమే కాదు. 'ది క్రూ' అను పందెపుకార్ల ఆటను 2014లో అమ్మి, 2024 మార్చి 31న దాని కేంద్రయంత్రములను ఆపివేసిరి. కొన్నవా రెవరును మరల ఆడలేకపోయిరి. దానిపై లేచిన ఉద్యమము యూరపులో పది లక్షలకు మించిన సంతకములను కూడగట్టెను. సేవ ముగించునప్పుడు ఆటను ఆడదగిన స్థితిలో విడిచిపోవలెనని వారి కోరిక. అమెరికాలో 2015 నాటి మినహాయింపు, కేంద్రయంత్రము ఆగిపోయిన ఆటను కొన్నవారు తమ ఇంట ఆడుకొనుటకై బీగము తీయవచ్చునని ఒప్పుకొన్నది. కాలిఫోర్నియాలో 2025 జనవరినుండి, అమ్మునది వస్తువు కాదు, వాడుకొను అనుమతి మాత్రమే యని కొనువానికి ముందే స్పష్టముగా చెప్పవలెనని చట్టమున్నది. బీగమే లేకుండ ఆటలమ్ము దుకాణమును పోలెండు దేశపు సంస్థ 2008లోనే తెరచెను. అది నేటికిని నడచుచున్నది. నమ్మకముతో వర్తకము సాగునని ఇది సాక్ష్యము.

ఇప్పుడు ఆ తండ్రికి మేము చెప్పిన సమాధానమును శ్రోతలకును విన్నవించుచున్నాము. కుమారుడు తాను కొన్న ప్రతిని తన ఇంట మార్చుకొనుట దొంగతనము కాదు, అది మన అరుగుమీది బారాకట్ట ధర్మమే. మరియొకడు బీగము విరిచి పంచు ప్రతిని తెచ్చుకొనుట వేరు. డబ్బు చెల్లించితినను మాట మనసునకు ఊరట నిచ్చును గాని, ఆ ప్రతి న్యాయమైనది కాజాలదు. పైగా అట్టి ప్రతులలో కంప్యూటరునకు హానిచేయు ప్రోగ్రాములు దాగియుండుట పరిపాటి. అమ్మినవానిని డబ్బు అడుగుట, జవాబు రానిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఫిర్యాదు చేయుట అతని హక్కు. ఆ హక్కును వాడువారు తక్కువ గనుకనే అమ్మువారికి వెరపు తక్కువ.

మరియొక మాట కూడ చెప్పితిమి. అతడు చిత్రించిన డోన్ స్టేషను అతని కష్టార్జితము. దానిని మూల ఆటలో కలిపివేయక, విడి ఫైళ్ళుగా దాచుకొనవలెను. తన పేరు, తేదీ, ఇతరులు ఏ షరతుపై వాడుకొనవచ్చునో వ్రాసి ఉంచవలెను. ఇతరుల బొమ్మగాని పాటగాని వాడినచో వారి పేరు చెప్పి, అనుమతి కోరవలెను. తన పనికి గౌరవము కోరువాడు పరుల పనికి గౌరవ మీయవలెను గదా! ఆ ఫైళ్ళు అతనియొద్ద భద్రముగా నున్నచో, ఒక ఆట మూతబడినను, సంస్థ బీగములు లేని మరియొక ఆటలోనికి వానిని తగినట్లు మలచుకొనవచ్చును.

మేము తిరిగి వచ్చునప్పుడు ఆ యువకుడు పాత కంప్యూటరులో వెదకుచు, స్టేషను పటము దొరకినదని తండ్రికి చూపుచుండెను. ప్లాట్‌ఫారము గోడ ఒకటి మాత్రము పోయినదట, మరల గీయుదునని చెప్పెను. అరుగుమీద ముసలివారి ఆట ఇంకను ముగియలేదు.